ఒడ్డు చేరలేదని రాసిచ్చిన పంటు

ఎనభై ఆరు వరద వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళయిన సంవత్సరం అది. ఆ వరదకి మూడేళ్ళ ముందు నుంచీ సన్నాయిలంక రేవులో పంటు నడుపుతున్నాను. రెండు పడవలు పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే పంటు. దాని మీద మనుషుల్ని, మోటారు సైకిళ్ళని, కొబ్బరికాయల్ని, గేదెల్ని, ఒకసారి బ్యాండు మేళాన్ని దాటించాను. ఏటేటా పంచాయతీ వాళ్ళు రేవుకి వేలం పాట పెట్టేవారు. పాడేవాణ్ణి, వచ్చేది. ఇంకెవరూ పాడేవారు కాదు. ఇసుక మేట ఈ వారం ఎక్కడ లేచిందో, వచ్చే వారం ఎక్కడికి జరుగుతుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడు పాట పెట్టలేదు. కాగితం అంటించారు.

ఇకపై రేవులన్నీ స్టార్టప్‌లనీ, పంటు నడిపేవాడు ఫౌండరనీ, లైసెన్సు కావలసిన ఫౌండర్లు నవోద్యమ ప్రోత్సాహక మండలికి దరఖాస్తు చేసుకోవాలనీ అందులో ఉంది. నా పంటు ఇంజను చూసే లోవరాజు దాన్ని రెండుసార్లు చదివాడు. వాడికి నలభై దాటాయి, పదో తరగతి పాసు.

"మావా, నువ్వు ఫౌండరయిపోయేవు."

"తాడు తియ్యి," అన్నాను.

దరఖాస్తులో ఇరవై ఆరు గళ్ళున్నాయి. లోవరాజు నింపుకుంటూ వచ్చి పధ్నాలుగో గడి దగ్గర ఆగాడు. 'ఇంతవరకు ఎన్నిసార్లు విఫలమయ్యారు? వివరములు జతపరచవలెను' అని ఉంది. నేను ఆలోచించి, పెన్ను తీసుకుని, 'లేదు' అని రాశాను. దరఖాస్తు మొత్తంలో నా చేత్తో రాసింది ఆ ఒక్క మాటే. కాస్త పెద్ద అక్షరాలతోనే రాశాను.

పదిహేను రోజులకి జవాబొచ్చింది. 'దరఖాస్తుదారుడు నలుబది యొక్క సంవత్సరముల సుదీర్ఘ కాలమునందు ఒక్క పర్యాయమైనను విఫలము చెందియుండలేదు. కావున సదరు వ్యక్తిని రంగమునందు అనుభవశూన్యునిగా పరిగణించి నూటికి సున్న మార్కులు కేటాయించడమైనది.' దాని కింద ఇంకో వరస. అదే రేవుకి సిటీ నుంచి దరఖాస్తు పెట్టిన ఒక కంపెనీకి తొంభై రెండు మార్కులు. ఆ కంపెనీవి ఎక్కడో రిజర్వాయరులో మూడు బోట్లు మునిగాయి. మనుషులంతా ఈదుకుంటూ బయటపడ్డారు. మిగతా ఎనిమిది మార్కులు అందుకే తగ్గాయని తరవాత తెలిసింది.

లంకలో మూడు వందల గడప. ఆస్పత్రి, హైస్కూలు, కూరల మార్కెట్టు అన్నీ అవతలి ఒడ్డునే. రోజూ తెల్లారగట్ల వంకాయల బుట్ట వేసుకుని టౌనుకెళ్ళి పదింటి పంటుకి తిరిగొచ్చే నూకరత్నం ఆ జవాబు సంగతి విని బుట్ట దించింది.

"మూడు ముంచినోడొత్తే నాలుగోది మేవేగా బాబాయ్."

"ఊఁ."

"ఊఁ అంటావేటి. ఎల్లి అడుగు."

లోవరాజుని వెంటబెట్టుకుని వెళ్ళాను.

మండలి ఆఫీసు టౌనులో, ఒక మేడ మీద. కుర్చీల బదులు రంగు రంగుల మూటలు వేశారు. వాటిలో కూర్చున్న వాళ్ళని లేవదీయడానికి ఒక అటెండరు ఉన్నాడు. నేను నిలబడ్డాను. డిప్యూటీ డైరెక్టరు సులోచనాదేవి గారు ఎదురుగా బల్ల దగ్గర ఉన్నారు. పక్కన కిరీటి గారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, మండలికి గౌరవ సలహాదారు. ఆయన వెనక గోడకి పదకొండు ఫ్రేములు వేలాడుతున్నాయి. ఒక్కో దాంట్లో ఒక్కో కంపెనీ బోర్డు, కింద పుట్టిన తేదీ, మూతపడిన తేదీ.

ఆయన చరిత్ర మేడం గారే చెప్పారు. ఇంజినీరింగు పూర్తయిన ఏడాదే, మీ వీధిలో కరివేపాకు చెట్టు ఎవరింట్లో ఉందో చెప్పే యాప్ పెట్టారు. చెట్టున్న వాళ్ళెవరూ చెప్పలేదు. మూతపడింది. అది ఎలా మూతపడిందో ఒక సభలో వివరిస్తే విన్నవాళ్ళు కదిలిపోయి పెట్టుబడి పెట్టారు. దాంతో గొడుగులు అద్దెకిచ్చే కంపెనీ పెట్టారు. వానలో వెళ్ళిన గొడుగులు ఎండలో తిరిగి రాలేదు. ఈసారి సభ ఇంకా పెద్దది. మూడోది, గేదె ఎప్పుడు ఈనుతుందో ముందుగా చెప్పే గంట. గేదెలు గంట కంటే ముందే ఈనాయి. ఆరో కంపెనీ తరవాత ఆయన సొంతంగా పెట్టడం మానుకుని, పెట్టేవాళ్ళకి పెట్టుబడి ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఒక కంపెనీ మూతపడటానికి పట్టే కాలం సగానికి తగ్గింది. ఇప్పుడు బయటి దేశం వాళ్ళు పెద్ద నిధి ఒకటి ఆయన చేతికి అప్పగించబోతున్నారు. షరతు ఒక్కటే. రికార్డులో ఒక్క విజయం కూడా ఉండకూడదు. ఒకసారి గెలిచినవాడికి మళ్ళీ గెలవాలని ఆశ పుడుతుందట. ఆశ పుట్టినవాడు ధైర్యంగా డబ్బు పోగొట్టలేడట.

"ఫౌండరు గారూ," అన్నారు మేడం, "తమరి వైఫల్య లేమిని మండలి తీవ్రంగా పరిగణించింది. అయినప్పటికీ మానవతా దృక్పథంతో అడుగుతున్నాను. ఒక్కటి కూడా లేదా? ఎనభై ఆరు వరదలో?"

"లంకంతా దాటించేనండి."

"మొత్తమా?"

"కోళ్ళతో సహా."

మేడం గారు పెన్ను బల్ల మీద పెట్టేశారు. ఆవిడకి నిజంగానే బాధ కలిగింది.

కిరీటి గారు మూటలోంచి ముందుకి వంగారు. "తాతగారూ, తప్పుగా అనుకోకండి. నలభై ఒక్కేళ్ళుగా మీరు ఒడ్డు చేరడమనే సుఖానికి అలవాటుపడిపోయారు. ఒడ్డు చేరినవాడు నేర్చుకునేదేముంటుంది చెప్పండి."

"దిగడవండి."

ఆయన అది పుస్తకంలో రాసుకున్నారు.

చివరికి మేడం గారే దారి చూపించారు. తొమ్మిదో నిబంధన కింద పర్యవేక్షిత వైఫల్యానికి అవకాశం ఉంది. కమిటీ సమక్షంలో, నిర్ణీత తేదీన, ప్రాణ నష్టం లేకుండా ఒకసారి విఫలమైతే అక్కడికక్కడే ధ్రువపత్రం. స్థానికుడికి ఒక్క వైఫల్యం చాలు, లైసెన్సు నాదే.

"ముంచాలేటండి?" అన్నాడు లోవరాజు.

"అవసరం లేదు. గమ్యం చేరకపోతే చాలును. అయితే ప్రయాణికులు మాత్రం అసలైన వారై ఉండాలి. బొమ్మలతో చేసిన వైఫల్యాలను మండలి అనుమతించదు."

మెట్లు దిగుతుంటే లోవరాజు అన్నాడు. "మావా, మేటెక్కించేద్దారి. గంట కూకుంటే సాలు."

నాకూ అదే తోచింది.

గురువారం పొద్దున్న పదింటికి టౌను వైపు రేవులో కమిటీ పంటు ఎక్కింది. కమిటీ అంటే మేడం గారూ, కిరీటి గారూ. మార్కెట్టు నుంచి తిరిగొచ్చే లంక వాళ్ళు నలభై మూడు మంది. ముందు రోజే అందరికీ చెప్పాను, రేపు మేట ఎక్కిస్తాను, కదలకుండా కూర్చోండి అని. అందరూ తల ఊపారు. మేడం గారు ట్యాబులో ఒక్కొక్కరి వేలిముద్ర వేయించి, తమ ఇద్దరివీ వేసి, బయల్దేరినట్టు ఎక్కించుకున్నారు.

నది మధ్యలో తుమ్మమేట ఉంది. నాలుగు నెలలుగా దాన్ని తప్పించుకు తిరుగుతున్నాను. దాని ఎదురుగా వచ్చాక చుక్కాని తిప్పబోయాను. చెయ్యి తిరగలేదు. లోవరాజు నా వైపు చూసి అటు తిరిగిపోయాడు. రెండోసారి తిరిగింది. పంటు అడుగు ఇసుకని రాసుకుంటూ పోయి ఆగింది.

"అద్భుతం," అన్నారు కిరీటి గారు మెల్లగా. మేడం గారు టైము రాసుకున్నారు.

మా రేవులో ఒక పద్ధతుంది. పంటు మేట పడితే ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎక్కినవాళ్ళంతా దిగి తోస్తారు. పెళ్ళికొడుకైనా దిగాల్సిందే. ఒక ఆర్డీవో గారు ప్యాంటు మడిచి తోశారు. అడుగు కింద ఇసుక తగలగానే లంక వాళ్ళ కాళ్ళు వాటంతటవే నీళ్ళలోకి దిగుతాయి. కదలకండని వాళ్ళకి చెప్పానే గానీ, ఆ కాళ్ళకి ఎవరు చెబుతారు? నేను చూస్తుండగానే నలభై మూడు మందీ మోకాలు లోతు నీళ్ళలో ఉన్నారు. చీరలు ఎగ్గట్టి, భుజాలు ఆనించి, హైలేసా అంటున్నారు.

"తొయ్యకండి," అన్నాను. జీవితంలో అంత గట్టిగా అరవలేదు. తొయ్యమంటున్నాననుకుని ఇంకా గట్టిగా తోశారు.

నూకరత్నం పంటు మీద నిలబడిన కిరీటి గారిని చూసింది.

"బాబూ, అలా సూత్తారేటండీ. దిగండి, బరువు."

"నేను కమిటీ అమ్మా."

"కమిటీకి బరువుండదేటండి?"

ఆయన దిగారు. ఎందుకు దిగారో ఆయనకీ తెలిసి ఉండదు. నలభై మూడు మంది తోస్తున్న చోట నిలబడి చూడటం కష్టం. బూట్లు మేడం గారి చేతికిచ్చి, నూకరత్నం పక్కన భుజం పెట్టారు. పెట్టీ పెట్టగానే పంటు కదిలింది. అందరూ గొల్లుమని నవ్వి పైకెక్కారు. కిరీటి గారిని ఇద్దరు పట్టి లాగారు. చొక్కా అంతా బురద. మొహం మాత్రం వెలిగిపోతోంది. "కదిలింది. నేను తోశాను, కదిలింది," అని లోవరాజుతో రెండుసార్లు చెప్పారు.

తొమ్మిది నిమిషాల్లో లంక ఒడ్డుకి చేరాం.

"సార్," అన్నారు మేడం గారు బూట్లు అందిస్తూ, "ఇది చేరింది."

"ఏది?"

"పంటు. తమరు తోసిన పంటు."

ఆయన మొహంలో వెలుగు అలా అలా దిగిపోయింది. గట్టు మీద కూలబడ్డారు. పదకొండు ఫ్రేములూ పోయాయన్నారు. సోమవారం నిధి వాళ్ళు వచ్చి రికార్డు చూస్తారన్నారు. పంటు నడిపించిన అనుభవం అందులో కనబడితే ఇంకెవరూ ఆయన్ని నమ్మరన్నారు.

మేడం గారు కాసేపు ఆలోచించారు. "చేరడమన్నది భౌతికమైన విషయం. చేరినట్టా కాదా అన్నది పరిపాలనాపరమైన విషయం. రెండోది మండలి పరిధిలోకి వస్తుంది." ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకుని రాశారు: సదరు పంటు గమ్యమును చేరలేదు. నా ముందుకి తోశారు.

"చేరింది కదండీ," అన్నాను.

"తమరికి లైసెన్సు వద్దా?"

గట్టు మీద బుట్టలు పెట్టుకుని లంక వాళ్ళంతా నిలబడ్డారు. ఎవరూ ఇళ్ళకి పోలేదు.

"పెట్టెయ్ బాబాయ్," అంది నూకరత్నం. "సేరేవో లేదో మాకు తెల్దా. ఆ ముంచేవోడొత్తే మాత్రం మా గతేటి."

చేరిన ఒడ్డు మీద నిలబడి, చేరలేదని సంతకం పెట్టాను. మేడం గారు ట్యాబులో ఏదో నొక్కి, ధ్రువపత్రమూ లైసెన్సూ రెండూ నా చేతికిచ్చి, నా ప్రథమ వైఫల్యానికి మండలి తరపున అభినందనలు చెప్పారు. కిరీటి గారు పన్నెండో ఫ్రేముకని పంటు ఫోటో తీసుకున్నారు. వాళ్ళిద్దరినీ తిరిగి టౌను ఒడ్డుకి దించాను. అది వేరే ట్రిప్పు. దాని సంగతి ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం మూడింటికి నూకరత్నం మా ఇంటికి వచ్చింది. వెనక రేషను డీలరు, చేతిలో వేలిముద్రల యంత్రంతో.

"బాబాయ్, ఈడు బియ్యవివ్వనంటున్నాడు."

"నేననలేదండి, మిషనంటంది," అన్నాడు డీలరు. "వేలు పెడితే 'ప్రయాణికురాలు నదిలో ఉన్నారు' అనొత్తంది. నదిలో ఉన్నోళ్ళకి నేనెలా ఇచ్చేది."

"మరి నీ ముందు నిలబడ్డదెవర్రా?"

"అది నేను సెప్పలేనండి."

నలభై మూడు మందికీ అంతే. ఎవరి వేలు పెట్టినా నదిలో ఉన్నారనే వస్తోంది. గ్రామ సచివాలయం సెక్రటరీ ట్యాబు తీసి చూశాడు. బయల్దేరిన వాళ్ళు నలభై అయిదుగురు, చేరిన వాళ్ళు సున్న. ఎవరైనా చేరితే ఆ రేవులోనే, పంటు దిగుతుండగా వేలిముద్ర వేస్తే తప్ప తను చేసేదేమీ లేదన్నాడు.

చీకటి పడకముందే లోవరాజు ఫోనుకి మేడం గారు చేశారు. గొంతులో ఆనందం పట్టలేకపోతున్నారు.

"ఫౌండరు గారూ, తమరి వైఫల్యం రాష్ట్ర కార్యాలయానికి చేరింది. నలభై మూడు మంది గల్లంతు. నూటికి నూరు మార్కులు. ఆ సిటీ కంపెనీ వారు కూడా ఫోను చేసి తమరి దగ్గర నేర్చుకోవడానికి వస్తామంటున్నారు. రేపు పదింటికి పేపరు వాళ్ళూ, గజ ఈతగాళ్ళూ వస్తారు. అంతవరకు ఆ నలభై మూడు మంది ఎవరికంటా పడకుండా చూడవలసిన బాధ్యత తమరిది."

"ఆ తరవాతండి?"

"తరవాత సంతాప సభ. తమరు ముఖ్య వక్త."

ఫోను పెట్టేశాక అరుగు మీద కూర్చున్నాం. నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"బాబాయ్, మేవు పోయినట్టేనా?"

ఒడ్డుకి దించితే లైసెన్సు పోతుంది. దించకపోతే వీళ్ళు పోతారు. లైసెన్సు కాగితం జేబులో ఉంది. తీసి చూడలేదు.

"పొద్దున్నే ఆరింటికి రేవుకి రండి," అన్నాను. "అందరూ."

మర్నాడు పొద్దున్న ఆరింటికి నలభై మూడు మందినీ లంక ఒడ్డున పంటు ఎక్కించాను. సెక్రటరీని ట్యాబుతో గట్టు మీద నిలబెట్టాను. నది మధ్య దాకా తీసుకెళ్ళి వెనక్కి తిప్పి తెచ్చి దించుదామని. మధ్యలోకి వచ్చేసరికి టౌను ఒడ్డు మీద జీపు హారను మోగింది. మేడం గారు చేతులూపుతున్నారు. అటు వెళ్ళి ఆవిణ్ణీ, ఆవిడ వెనకే పరుగెత్తుకొచ్చిన కిరీటి గారినీ ఎక్కించుకున్నాను. ఎవరినీ దిగనివ్వలేదు.

మేడం గారు కూడా నదిలోనే ఉన్నారు కదా. రాత్రి ఆ సంగతి కంప్యూటరు కనిపెట్టింది. పొద్దున్నకల్లా ఆవిడ సీటులో ఇన్‌చార్జిని వేసేశారు. "నన్ను వెంటనే దించండి," అన్నారావిడ.

కిరీటి గారు పంటు తాడు పట్టుకున్నారు. "ఎవరూ దిగడానికి వీల్లేదు. అందరూ దిగితే ఇది చేరినట్టే. నా మొదటి విజయం అవుతుంది. తాతగారూ, మీ లైసెన్సు కూడా రద్దవుతుంది, ఆలోచించారా?"

"ఆలోచించేనండి."

చుక్కాని లంక వైపే ఉంచాను. మేడం గారు సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి వేగంగా పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. తుమ్మమేట దాటాక ఆవిడ వేలు ఒక చోట ఆగింది. చదివారు. "బయల్దేరిన వారిలో ఏ ఒక్కరు చేరకపోయినను పంటు గమ్యమును చేరనట్లే భావించవలెను."

పంటు మీద అందరూ కిరీటి గారి వైపు చూశారు.

"ఆయనుంటార్లెండి," అంది నూకరత్నం. "రికార్డు ఆయనదేగా."

లంక ఒడ్డుకి చేరాం. ఒక్కొక్కరే దిగి ట్యాబు మీద వేలు పెట్టారు. సెక్రటరీ ప్రతిసారీ "చేరారు" అని పైకి చదివాడు. నూకరత్నం దిగింది, చేరింది. మేడం గారు అందరికంటే గట్టిగా వేలు నొక్కారు, చేరారు. కిరీటి గారు మాత్రం లేచి అంచు దాకా వచ్చి, ఒక కాలు ఎత్తి, ఫోనులో సోమవారం తారీకు చూసుకుని, మళ్ళీ వెనక్కి వెళ్ళి పాత టైరు మీద కూర్చున్నారు.

దిగే బల్ల లాగేశాను. టౌను ఒడ్డున బడికెళ్ళే మాస్టర్లు అప్పటికే వరసలో నిలబడ్డారు. లోవరాజు ఇంజను మీద చెయ్యి వేసి నా కోసం ఆగాడు.

"తాతగారూ," అన్నారు కిరీటి గారు, "ఇలా ఎన్నాళ్ళుండాలి?"

"లైసెన్సు ఏడాదికిచ్చారండి," అన్నాను. పంటు తిప్పాను.